ఆటయు చదువును: ఒక ఐరిష్ యువకుని దృష్టాంతము

బాలురకు ఆటలు మేలు చేయునా, కీడు చేయునా యను ప్రశ్న పాఠశాలలు పుట్టిననాటినుండియు నున్నది. పరీక్షలు సమీపించినప్పుడు తల్లిదండ్రులు “ఆటలు కట్టిపెట్టి పుస్తకము పట్టుము” అందురు. బంతి చేత జిక్కిన బాలుడు “చదువు రేపైనను చదువుకొనవచ్చును, ఆట నేడే యున్నది” అనును. చూచుటకు వీరు ప్రతిపక్షులే గాని ఒక విషయమున మాత్రము ఇరువురును ఏకాభిప్రాయులు. ఆటయు చదువును ఒక యింట కాపురము చేయజాలని సవతులని తండ్రియు నమ్మును, కొడుకును నమ్మును. ఈ నమ్మకము సరియైనది కాదని నా యభిప్రాయము. దీనిని వట్టి మాటలతో స్థాపింప బూనుటకంటె ఒక దృష్టాంతము చూపుట మేలు. ఆ దృష్టాంతము ఐర్లండు దేశపు షేన్ ఓడానెల్ అను హర్లింగ్ ఆటగానిది.

హర్లింగ్ అను పేరు మనలో పెక్కురు వినియుండరు. హాకీ నెరిగినవారికి దాని నూహించుట కష్టము గాదు. ఒక్కొక్క పక్షమున 15 మంది ఆటగాండ్రుందురు. ప్రతివాని చేతిలోను ఆష్ అను చెట్టు కొయ్యతో జేసిన కర్ర యొకటి యుండును. అది పట్టుకొనుచోట సన్నముగను, చివర వెడల్పుగను ఉండును. దానికి హర్లీ యని పేరు. బంతికి లోపల బెండు, పైన తోలు. అది క్రికెట్టు బంతికంటె తేలికయైనది. హాకీలో బంతి యెక్కువగా నేలమీద దొరలును. హర్లింగ్‌లో నది యెక్కువగా గాలిలో నెగురును. ఆటగాడు దానిని చేతితో పట్టవచ్చును, కర్ర చివర నిలిపి పరుగెత్తవచ్చును, పరుగెత్తుచునే కొట్టవచ్చును. గోలు స్తంభములు ఆంగ్ల లిపిలోని హెచ్ అక్షరమువలె నుండును. అడ్డుకర్రకు క్రిందుగా బంతి పోయిన గోలు. దానికి 3 పాయింట్లు. పైగా బోయిన 1 పాయింటు. కౌంటీల నడుమ జరుగు పెద్ద పోటీలలో ఆట 70 నిమిషములు సాగును. కర్రలు తలలకు సమీపముగా దిరుగు నాట గనుక, ముఖమునకు కమ్ముల తెర గల శిరస్త్రాణమును ప్రతి ఆటగాడును ధరింపవలెనను నియమము 2010 సంవత్సరమునుండి యున్నది.

ఈ యాట ఐరిష్ వారికి మిక్కిలి ప్రాచీనము. వారి పురాణగాథలలో కూ కుల్లిన్ అను వీరుడు బాల్యమున తన హర్లీతో బంతిని కొట్టి ఒక భయంకరమగు కావలికుక్కను చంపెనని కలదు. అయినను 19వ శతాబ్దమున కరవులవలనను వలసలవలనను పల్లెలు పాడుపడగా ఆటయు క్షీణించెను. దానిని మరల నిలువబెట్టినవారిలో ముఖ్యుడు ఒక బడిపంతులు. ఆయన పేరు మైకేల్ క్యూసాక్. ఆయన 1847లో క్లేర్ కౌంటీలోని కారన్ అను గ్రామమున జన్మించెను. ఉపాధ్యాయుడై, 1877లో డబ్లిన్ నగరమున యువకులను ప్రభుత్వోద్యోగ పరీక్షలకు సిద్ధపరచు విద్యాలయమును స్థాపించెను. పగలు పరీక్షలకు పాఠములు చెప్పిన యీ పంతులే 1884 నవంబరు 1వ తేదీన థర్లెస్ పట్టణమున మరికొందరితో గూడి గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ అను సంఘమును ప్రారంభించెను. కాషెల్ ఆర్చిబిషప్పగు థామస్ క్రోక్ దానికి పోషకుడుగా నుండుట కంగీకరించెను. నేడు డబ్లిన్‌లో 82,000 మందికి పైగా పట్టదగిన క్రోక్ పార్కు ఆయన పేరు ధరించినదే. ఆట బ్రదికినది చదువు చెప్పువాని చేతిలో. ఈ సంగతి మనము గుర్తింపదగినది.

ఆ సంఘపు నియమములలో రెండు మన విషయమునకు సంబంధించినవి. మొదటిది, ఆటగాడు సాధారణముగా తన యూరి, తన పారిషు పక్షమున నాడును. అందు రాణించినచో తన కౌంటీ పక్షమునకు ఎన్నికగును. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. ధనము గల కౌంటీ పేద కౌంటీ ఆటగానిని కొనజాలదు. రెండవది, ఆడినందుకు జీతము లేదు. ప్రయాణపు ఖర్చులు ముట్టును. ప్రభుత్వము కౌంటీ ఆటగాండ్రకు కొంత గ్రాంటు నొసగుచున్నది. కాని ఆట వృత్తి కాదు. ఆదివారమునాడు 82,000 మంది యెదుట నాడినవాడు సోమవారము ఉదయము తన పనికి బోవలెను. వారిలో ఉపాధ్యాయు లనేకులు. రైతులు, వడ్రంగులు, విద్యార్థులును గలరు. కార్క్ కౌంటీకి చెందిన క్రిస్టీ రింగ్ 1941 మొదలు 1954 వరకు ఎనిమిది మారులు అఖిల ఐర్లండు విజయమును పొందెను. ఆయన వృత్తి నూనె లారీ నడుపుట. ఆయనతో నాడిన జాక్ లించ్ న్యాయవాదియై, పిమ్మట 1966లో ఐర్లండు ప్రధానమంత్రి యాయెను.

ఇక మన యువకుని సంగతి. షేన్ ఓడానెల్ 1994లో జన్మించెను. క్యూసాక్ పుట్టిన క్లేర్ కౌంటీయే యితనిదియు, ఊరు ఎన్నిస్. అచ్చటి క్లబ్బు పేరునకు ఐరిష్ భాషలో యువ ఐర్లండు అని యర్థము. క్లేర్ ఈ యాటలో గొప్ప రాజ్యము కాదు. కార్క్, కిల్కెన్నీ, టిప్పరరీ కౌంటీలు ఒక్కొక్కటియు ఇరువదియైదు కప్పులకు పైగా గెలిచియుండగా, 2013కు ముందు క్లేర్ గెలిచినవి 1914, 1995, 1997 సంవత్సరములలోని మూడు మాత్రమే.

2013 సెప్టెంబరు 8న క్లేర్, కార్క్ పక్షములు అఖిల ఐర్లండు అంతిమ పోటీలో తలపడెను. ఆట చిట్టచివరి క్షణమున క్లేర్ రక్షకు డొకడు కొట్టిన పాయింటుతో సమమై నిలిచెను. ఆనాడు ఓడానెల్ ఆరంభ జట్టులో లేడు. సెప్టెంబరు 28న ఆట మరల జరిగెను. దానికి కొలది గంటల ముందు మాత్రమే శిక్షకుడగు డేవీ ఫిట్జ్‌జెరల్డ్ ఆ 19 ఏండ్ల విద్యార్థిని పిలిచి, నీవు మొదటినుండి ఆడవలెనని చెప్పెను. ఆ బాలుడు మొదటి 19 నిమిషములలోనే మూడు గోల్‌లు కొట్టెను. ఆట ముగియునప్పటికి అతనివి మూడు గోల్‌లు, మూడు పాయింట్లు. గోల్‌లను మూడేసిగా లెక్కించినచో క్లేర్‌కు 31, కార్క్‌కు 25. ఆరు పాయింట్ల విజయములో నితనివే పండ్రెండు. ఒక్క సాయంకాలముతో ఆ కుర్రవాని పేరు ఐర్లండు దేశమంతట మారుమ్రోగెను.

ఇచ్చట మనము కొంచెము నిలిచి యాలోచింపవలెను. పందొమ్మిదేండ్ల బాలుడు. దేశమంతయు తన ముఖము నెరుగును. పిల్లలు సంతకములకై చుట్టుముట్టుదురు. పత్రికలవారు తలుపు తట్టుదురు. ఇట్టి వేళ మనలో నెందరు మరునాటి పాఠమును తలంతురు? “ఇంకేల ఈ పుస్తకములు? నా దారి తెరచుకొన్నది” అనుకొనుట ఆ వయస్సునకు సహజము. ఓడానెల్ మాత్రము కార్క్ నగరమందలి విశ్వవిద్యాలయ కళాశాలలో తన చదువును సాగించెను. జన్యుశాస్త్రము చదివి, పట్టభద్రుడై, పిమ్మట సూక్ష్మజీవి శాస్త్రమున డాక్టరేటు పరిశోధనకు బూనెను. 2018లో ఫుల్‌బ్రైట్ విద్యార్థి వేతనము లభింపగా అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు పరిశోధనకై వెళ్ళెను. కంటికి గానరాని జీవులను సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించు నోర్పు వేరు, గాలిలో వచ్చు బంతిని అరక్షణములో పట్టు చురుకు వేరు. ఈ రెండును ఒకే మనుష్యునియందు పదేండ్లకు పైగా కలిసి మెలిసి యుండెను. సవతులు కలహింపలేదు.

ఇచ్చటికి కథ ముగిసిన అది పండుగనాటి కథయే యగును. కాని నా యభిప్రాయమున ఓడానెల్ జీవితములో మనము ముఖ్యముగా జూడవలసినది 2013 సాయంకాలము గాదు. దాని తరువాతి పదునొకండు సంవత్సరములు. క్లేర్ పక్షము మరల వెంటనే అట్టి విజయమును పొందలేదు. తమ ప్రాంతమగు మన్‌స్టర్ కప్పును 1998లో గెలిచిన పిమ్మట 2024 వరకును వారు గెలువలేదు; 2017, 2018, 2022, 2023, 2024 సంవత్సరములలో ఐదు మారులు తుదిపోటీకి జేరి ఐదు మారులును ఓడిరి. 2018 అఖిల ఐర్లండు సెమీఫైనలులో గాల్వే కౌంటీతో ఆట సమమై, మరల నాడినప్పుడు ఒక్క పాయింటుతో ఓటమి. 2022లోను, 2023లోను సెమీఫైనలులోనే కిల్కెన్నీ చేతిలో పరాజయము. పందొమ్మిదవ యేట కీర్తి శిఖర మెక్కినవాడు ఇరువదియారు, ఇరువదియేడేండ్ల వయస్సున పాత పత్రికలు చూచుకొనుచు గూర్చుండుట లోకమున కొత్త గాదు. కాని యితనికి ఓటమినాటి మరునాడు వెళ్ళుటకు వేరొక గది యుండెను. ఆ గదిలో నతనిని క్రోక్ పార్కు వీరుడని యెవరును పరీక్షింపరు. చేసిన ప్రయోగము సరిగా నున్నదా లేదా యనియే చూతురు. కీర్తిచేత చెడకుండుటకును, ఓటమిచేత క్రుంగకుండుటకును ఇంతకంటె మంచి మందు నాకు దోచదు.

2021లో మరియొక పరీక్ష వచ్చెను. ఆ జూన్ మాసమున అభ్యాసములో తలకు దెబ్బ తగిలి యతని మెదడు కదలెను. శిరస్త్రాణము పుఱ్ఱెను, ముఖమును గాపాడగలదు గాని లోపల మెదడు కదలుటను ఆపజాలదు. తలకు దెబ్బ తగులుటకు వీలున్న ప్రతి యాటలోను పిల్లలెల్లరు తెలిసికొనవలసిన సంగతి యిది. పైకి రక్తము కానరాదు, ఎముక విరుగదు; చూచువారికి మనిషి బాగుగనే యున్నట్లు కనబడును. కాని ఆ గాయము తనను దినకృత్యములకుగూడ దూరము చేసెననియు, ఇక మరల ఆడజాలనేమో యని తలచితిననియు నతడే పిమ్మట బహిరంగముగా జెప్పెను. ఆ సంవత్సరపు మిగిలిన పోటీలను అతడు విడిచెను. తొందరపడి మైదానమునకు దిగలేదు. తల నయమగువరకు ఓపికపట్టి, మరుసటి సంవత్సరము తిరిగి వచ్చెను.

ఈ సందర్భమున కొంద రాటగాండ్రు అనుకొను మాట యొకటి గలదు: దెబ్బ తగిలినను నిలిచి యాడుటయే మగతనము, బయటికి వచ్చుట పిరికితనము అని. మోకాలు గీచుకొన్నప్పుడు ఈ మాట నిజము కావచ్చును. తలకు దెబ్బ తగిలినప్పుడు ఇది మూఢత్వము. తలతో బ్రతుకువానికి దాని వెల తెలియును. ఓడానెల్ చదివిన చదువు, చేయు పరిశోధన, తరువాత నలువదేండ్లు బ్రదుకవలసిన బ్రదుకు అన్నియు ఆ యెముక గిన్నెలోనే యున్నవి. ఆట యొక్కటియే సర్వస్వమని నమ్మినవాడు ఆ వేళ విశ్రాంతి దీసికొనుటకు భయపడును. ఏలన, ఆట పోయినచో వానికి మిగులున దేదియు లేదు. వేరొక యాధారము గలవానికే ఆగుటకు ధైర్యము గలుగును. చదువు ఆటకు శత్రువు గాదని మాత్రమే కాదు, ఆటగానికి అది రక్షణ యనియు దీనివలన దెలియుచున్నది.

ఆగినవాడు వెనుకబడెనా? 2024 జులై 21న క్లేర్, కార్క్ పక్షములే మరల క్రోక్ పార్కున అంతిమ పోటీలో నెదిరించెను. నియమిత కాలమున ఆట సమమై, అదనపు కాలమునకు బోయెను. తుదకు క్లేర్‌కు మూడు గోల్‌లు, 29 పాయింట్లు. కార్క్‌కు ఒక గోలు, 34 పాయింట్లు. అనగా 38కి 37. ఒక్క పాయింటు! 1995, 1997 విజయములలో తాను స్వయముగా నాడిన బ్రయన్ లోహన్ ఈ పక్షమునకు శిక్షకుడు. టోనీ కెల్లీ నాయకుడు. ఆ సంవత్సరమున దేశములో శ్రేష్ఠుడగు హర్లింగ్ ఆటగాడని తోటి ఆటగాండ్రే ఓట్లువేసి యెన్నుకొన్నది షేన్ ఓడానెల్‌ను. అప్పటి కతని వయస్సు ముప్పది. పందొమ్మిదవ యేట ఒక్క సాయంకాలము మెరసినవాడు, ముప్పదవ యేట సంవత్సర మంతయు శ్రేష్ఠుడుగా గణింపబడెను. మొదటిదానిలో అదృష్టమునకు పాలు కలదనవచ్చును. రెండవదానిలో పట్టుదల తప్ప వేరేమియు లేదు.

ఇప్పుడు ఆక్షేపణలను విచారింతము. “రెండు పడవలమీద కాళ్ళు పెట్టినవాడు నీట మునుగును” అని మన పెద్దలందురు. ఆ మాట గొప్పదే. కాని ఏవి రెండు పడవలో, ఏవి ఒక పడవకు రెండు తెడ్లో వివేకించి చూడవలెను. ఒక తెడ్డుతోనే నడపు పడవ ఉన్నచోటనే గుండ్రముగా దిరుగుచుండును. శరీరమునకు శ్రమ, మనస్సునకు శ్రమ. ఈ రెండును సరిగా పడినప్పుడే పడవ ముందునకు సాగును.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. “ఓడానెల్ అసాధారణుడు, పదివేలలో నొక్కడు. అందరకు నది సాధ్యమా?” యని యడుగవచ్చును. అందరును మూడు గోల్‌లు కొట్టలేరు. అందరును హార్వర్డునకు బోలేరు. నిజమే. కాని నేను జూపదలచినది ఆతని ప్రతిభను గాదు, ఆతని యేర్పాటును. ఆ యేర్పాటు సామాన్యునికే యెక్కువ యవసరము. ప్రతిభ గలవాడు ఒక దారి మూసికొనిపోయినను వేరొక దారి వెదకుకొనును. సామాన్యుడు రెండు దారులను మొదటినుండియు తెరచి యుంచుకొనవలెను. ఐర్లండు సముద్రమునకు ఆవలి గట్టున దీనికి విపర్యయమగు దృష్టాంతము కలదు. ఫుట్‌బాలులో నేర్పు గల ఐరిష్ బాలురు చిరకాలము పదునైదు, పదునారేండ్లకే చదువు మాని ఇంగ్లండులోని ధనికమగు క్లబ్బులకు వెళ్ళుచుండిరి. వారిలో పేరు గాంచినవారు కొలదిమందియే. తక్కినవారిలో బహుళ సంఖ్యాకులు కొలది యేండ్లలోనే, చేత ఒడంబడిక లేక, చేత చదువును లేక యింటికి మరలి వచ్చిరి. బ్రిటన్ ఐరోపా సమాఖ్యను విడిచిన పిమ్మట, 2021నుండి, పదునెనిమిదేండ్లు నిండని బాలుర నట్లు తీసికొనిపోవుటకు వీలులేక పోయెను. రాజకీయ కారణమున వచ్చిన మార్పే యైనను, కొందరు బాలురకు బడిలో రెండు మూడేండ్లు అధికముగా దక్కినవి. మొదటి గోలు కొట్టినవాని పేరు పత్రికలలో పడును. తిరిగి వచ్చినవాని పే రెవరును వ్రాయరు. తల్లిదండ్రులు పత్రికలలో పడని పేర్లనుగూడ లెక్కింపవలెను.

మూడవ ఆక్షేపణ న్యాయమునకు సంబంధించినది. “82,000 మంది సొమ్మిచ్చి చూచుటకు రాగా, చెమటోడ్చి యాడినవానికి జీతము లేకుండుట యన్యాయము గాదా?” ఈ ప్రశ్నను తేలికగా ద్రోసివేయరాదు. వారానికి నాలుగైదు సాయంకాలములు అభ్యాసము, దూర ప్రయాణములు, గాయములు. ఇవన్నియు పనివాని శ్రమవంటివే. ఐరిష్ ఆటగాండ్రును దీనిని మౌనముగా నొప్పుకొనలేదు. 1999లో ఆటగాండ్ర సంఘ మేర్పడెను. 2002 చివర కార్క్ హర్లింగ్ ఆటగాండ్రు తమకు వైద్యము, భోజనము, ప్రయాణము సరిగా సమకూర్పలేదని ఆట మాని నిలిచి, తమ కోర్కెలు సాధించిరి. వారు చేసినది సరియే యని నా యభిప్రాయము. జీతము లేని యాట యనగా ఆటగానిని చులకన చేయుటకు పరవానా గాదు. గాయపడినవానికి వైద్యము, చదువుకొనువానికి పరీక్షల వేళ విడుపు, పనివానికి కూలి నష్టమున కీడు. ఇవి యిచ్చి తీరవలసినవి. కాని జీతము వచ్చిన పిమ్మట ఏమగును? కౌంటీలు అంగళ్ళగును, మంచి ఆటగాండ్రు ధనము గల చోటికి బోవుదురు, ఐదు కప్పులు మాత్రమే గెలిచిన క్లేర్ వంటి చిన్న కౌంటీలో ఓడానెల్ వంటివాడు నిలువడు. పొరుగువాడే మైదానమున నాడుట, అంగడిలో కనబడుట, బడిలో పాఠము చెప్పుట యను సొంపు మాయమగును. ఆ సొంపునకు ప్రపంచము విలువ గట్టినదని చెప్పుటకు 2018లో యునెస్కో సంస్థ హర్లింగ్‌ను మానవజాతి సాంస్కృతిక సంపదల పట్టికలో జేర్చుటయే నిదర్శనము.

కనుక నేను జీతమును నిందించువాడను గాను. జీతమును నమ్ముకొని చదువును విడుచుటను మాత్రమే నిందించుచున్నాను. జీతము గల యాటలు పెక్కు గలవు. అందును ఆటగాని కాలము ముప్పదియైదేండ్ల లోపలనే ముగియును. ఒక్క గాయముతో ఇరువదేండ్లకే ముగియవచ్చును. ఆ తరువాతి బ్రదుకు, ఆడిన కాలమునకు రెండింతలు. దానిని నింపుట కేది గలదు? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము సిద్ధపరచుకొనని కీర్తి యప్పు దెచ్చిన యాభరణము వంటిది. పండుగ దాటగనే తిరిగి యియ్యవలెను.

తల్లిదండ్రులకు మనవి. మీ పిల్లవాడు సాయంకాలము మైదానమునుండి మట్టికాళ్ళతో ఇంటికి వచ్చినప్పుడు, ఆ గంట వ్యర్థమైనదని తలపకుడు. ఓడిపోవుట, మరల లేచుట, తోటివానికి బంతి నిచ్చుట, నియమమునకు లోబడుట అను పాఠములు ఏ పుస్తకమునను అంత చక్కగా లేవు. అతడు తల నొప్పి యనియో, కన్నులు తిరుగుచున్నవనియో చెప్పినచో, అది ఆట మానుటకు సాకని కసరుకొనక, వైద్యునికి జూపుడు.

ఉపాధ్యాయులకు మనవి. క్యూసాక్ పంతులుగారిని స్మరింపుడు. పరీక్షలకు పాఠము చెప్పిన నోటితోనే ఆయన ఆటకు నియమములు చెప్పెను. బాగుగా ఆడువానిని తరగతిలో మందుడని యెంచుటయు, బాగుగా చదువువానిని మైదానమున నిరుపయోగి యని త్రోసివేయుటయు మన యలవాటులు. ఈ రెండును మానదగినవి. గెలుపు కొరకు గాయపడిన బాలుని మరల మైదానమునకు పంపు శిక్షకుడు కప్పును తేవచ్చును గాని మంచి పేరు తేజాలడు.

విద్యార్థులారా! మీలో మూడు గోల్‌లు కొట్టగలవా రుందురు. ఒక్కటియు కొట్టజాలనివారును ఉందురు. ఇరువురకును నేను చెప్పున దొకటే. గెలిచిన దినమున మీ పుస్తక మెచ్చటనున్నదో మరువకుడు; ఓడిన దినమున మీ బంతి యెచ్చటనున్నదో మరువకుడు. మేను వలదని చెప్పినప్పుడు ఆగుటకు సిగ్గుపడకుడు. ఒక్క సాయంకాలపు కీర్తికంటె పదునొకండు సంవత్సరముల నిలకడ గొప్పది. క్లేర్ కౌంటీ యువకుడు మైదానమునను, పరిశోధనాలయమునను రుజువు చేసి చూపినది యిదియే.